ప్రోస్టేట్ స్టెంట్ రూపకల్పన చరిత్ర: హైదరాబాదు, వరంగల్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వయసు పైబడిన పురుషులలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రమార్గాన్ని నొక్కివేయడం అతిసాధారణమైన సమస్య. ఆ మార్గాన్ని లోపలి నుండి తెరచి ఉంచే లోహపు గొట్టాలు, అంటే స్టెంట్లు, 1980 నుండి వాడుకలోకి వచ్చాయి. దాదాపు అదే కాలంలో పుట్టిన గుండె స్టెంట్ ప్రపంచమంతటా స్థిరపడింది. తెలుగునేలపై 'కలాం-రాజు స్టెంట్'గా ఒక దేశీయ రూపాన్ని కూడా పొందింది. ప్రోస్టేట్ స్టెంట్‌కు ఆ యోగం పట్టలేదు. ఈ తేడాకు కారణాలను లోహశాస్త్రం, శరీరనిర్మాణం, వైద్యవ్యవస్థ, సామాజిక దృష్టి అనే కోణాలనుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రోస్టేట్, మూత్రాఘాతం, వాతాష్ఠీల, కాథెటర్, స్టెంట్, నిటినాల్, కలాం-రాజు స్టెంట్, వరంగల్.

1. ప్రవేశిక

"ఒంటికి వస్తలేదు" అని వరంగల్ పల్లెల నుండి వచ్చే పెద్దమనిషి డాక్టరుతో చెప్పే మాటలో ఒక పెద్ద వైద్యచరిత్ర దాగి ఉంది. ఆ మాట కూడా చాలామంది కొడుకుతోనో అల్లుడితోనో చెప్పించుకుంటారు, తామే చెప్పరు. ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయానికి దిగువన, ప్రసేకం చుట్టూ ఉంగరంలా అమరి ఉంటుంది. (మూత్రాశయం నుండి మూత్రాన్ని బయటకు తెచ్చే గొట్టానికి మన పాఠ్యగ్రంథాలు వాడే మాట ప్రసేకం, వాడుకలో దీన్నీ మూత్రనాళమనే అంటారు.) వయసుతోపాటు ఈ గ్రంథి పెరుగుతుంది. మరణానంతర పరీక్షలపై ఆధారపడిన అధ్యయనాల ప్రకారం 51–60 ఏళ్ళ పురుషులలో సుమారు సగం మందిలో, 85 ఏళ్ళ నాటికి సుమారు 90 శాతం మందిలో ఈ పెరుగుదల కనిపిస్తుంది. ఇది క్యాన్సర్ కాదు. అయినా ఉంగరం బిగిసేకొద్దీ ధార సన్నబడుతుంది, రాత్రుళ్ళు పదేపదే లేవవలసి వస్తుంది, చివరకు ఒకనాడు మూత్రం పూర్తిగా ఆగిపోతుంది.

అలా ఆగినప్పుడు చేసే మొదటి పని కాథెటర్ వేయడం. ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో రూపొందించిన, కొసన బుడగ ఉన్న రబ్బరు గొట్టమే నేటికీ ఆధారం. అది ప్రాణాన్ని నిలబెడుతుంది. కానీ అది లోపల ఉన్న ప్రతి రోజూ మూత్రంలో సూక్ష్మక్రిములు చేరే ప్రమాదం 3 నుండి 7 శాతం చొప్పున పెరుగుతుంది. శస్త్రచికిత్సకు తట్టుకోగలిగినవారికి గొట్టం కొద్దిరోజుల మాట. గుండె, ఊపిరితిత్తులు సహకరించని వృద్ధుడికి మాత్రం గొట్టమూ, దానికి వేలాడే సంచీ శేషజీవితానికి తోడవుతాయి. పొలానికి పోలేడు, పెళ్ళిలో కూర్చోలేడు, బస్సెక్కడానికి సంకోచిస్తాడు. ప్రోస్టేట్ స్టెంట్ అనే ఆలోచన ఈ మనిషి కోసం పుట్టింది. ఆ ఆలోచన ఎందుకు పూర్తిగా ఫలించలేదన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

2. సుశ్రుత సంహితలో ఉన్నదీ, లేనిదీ

ఆధునిక వైద్యపరికరాల చరిత్ర రాసేటప్పుడు ప్రాచీన గ్రంథాలలో వాటి మూలాలను చూపడం మన వ్యాసాలలో ఒక ఆనవాయితీగా మారింది. ఆ పని చేసేముందు గ్రంథం ఏం చెప్పిందో జాగ్రత్తగా చూడాలి. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం మూత్రాఘాతాలను, అంటే మూత్రం ఆగిపోయే వ్యాధులను, పన్నెండుగా విభజించింది. వాటిలో 'వాతాష్ఠీల' ఒకటి. మలమార్గానికీ మూత్రాశయానికీ నడుమ వాతం చేరి, గుండ్రాయివంటి గట్టి గ్రంథిని ఏర్పరచి, మలమూత్రాలను అడ్డగిస్తుందని దాని వర్ణన. స్థానం, గట్టిదనం, లక్షణం మూడూ ప్రోస్టేట్ పెరుగుదలకు సరిపోతున్నాయి కనుక నేటి ఆయుర్వేద పండితులు ఈ రెంటినీ పోల్చి చూస్తున్నారు. ఆ పోలికలో బలముంది. అయితే ప్రోస్టేట్‌ను ఒక ప్రత్యేక అవయవంగా సుశ్రుతుడు గుర్తించాడనడానికి అది చాలదు.

పరికరాల విషయం మరింత ఆసక్తికరం. చికిత్సాస్థానంలో 'నిరుద్ధప్రకశ' అనే వ్యాధికి రెండువైపులా తెరచి ఉన్న గొట్టాన్ని ఇనుముతోగాని, కొయ్యతోగాని, లక్కతోగాని చేసి, నెయ్యి పూసి, లోనికి చొప్పించాలనీ, మూడేసి రోజులకొకసారి మరింత లావు గొట్టాన్ని వాడాలనీ ఉంది. దీన్ని 'ప్రపంచపు తొలి స్టెంట్' అనడం సులువు. కానీ నిరుద్ధప్రకశ శిశ్నాగ్ర చర్మం బిగుసుకుపోయే వ్యాధి. ప్రోస్టేట్‌తో దానికి సంబంధం లేదు. గొట్టం ఉద్దేశం క్రమంగా వెడల్పు చేయడమేగాని శాశ్వతంగా నిలిచి ఉండడం కాదు. ఇక్కడ గమనించవలసింది రూపకల్పనలోని ఆలోచన: పదార్థాన్ని ఎంపిక చేసుకోవడం, జారుడుదనం కోసం నెయ్యి, వ్యాసాన్ని దశలవారీగా పెంచడం. పదార్థం, ఉపరితలం, వ్యాసం అనే ఈ మూడు సమస్యలే ఇరవయ్యో శతాబ్దపు రూపకర్తలనూ వేధించాయి. సుశ్రుతుని గొప్పదనం ఇంతవరకు చెబితే చాలు; లేని స్టెంట్‌ను ఆయనకు అంటగట్టనక్కరలేదు.

మధ్యయుగ ఓరుగల్లు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు గ్రామాదాయం కేటాయించిన సంగతి చెబుతుంది. కాకతీయ రాజ్యంలో వైద్యశాల ఒక సంస్థగా ఉండేదనడానికి అది తిరుగులేని ఆధారం. అక్కడ ఏ శస్త్రాలు వాడారన్నది దాన్నిబట్టి తేల్చలేం.

3. శస్త్రచికిత్స నడిచిన దారి

పందొమ్మిదో శతాబ్దం చివరి వరకు ప్రోస్టేట్ పెరిగినవారికి గొట్టమే గతి. ఈ స్థితిని మార్చిన వారిలో ఒకరికి భారతదేశంతో గాఢమైన సంబంధం ఉంది. ఐర్లండుకు చెందిన పీటర్ ఫ్రేయర్ 1875లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి రెండు దశాబ్దాలపాటు ఉత్తర భారతంలో పనిచేశాడు; మూత్రాశయంలోని రాళ్ళను చితకగొట్టి తీయడంలో అపారమైన చేయితిరుగుదల సంపాదించాడు. లండన్‌కు తిరిగి వెళ్ళాక 1900 డిసెంబరులో పొత్తికడుపు ద్వారా మూత్రాశయాన్ని తెరచి, పెరిగిన గ్రంథిని వేలితో ఒలిచి తీసే శస్త్రచికిత్స చేశాడు. న్యూయార్కులో యూజీన్ ఫుల్లర్ అంతకుముందే ఇలాంటిది చేశాడన్న వివాదం ఉన్నా, పద్ధతి ఫ్రేయర్ పేరనే నిలిచింది. వలసదేశపు రోగుల శరీరాలపై అలవడిన నైపుణ్యం లండన్‌లో పేరు తెచ్చిపెట్టడం వైద్యచరిత్రలో అరుదేమీ కాదు. హైదరాబాదు సంస్థానంలో ఎడ్వర్డ్ లారీ నాయకత్వాన 1888, 1889లలో నిజాం పోషణతో జరిగిన క్లోరోఫాం కమిషన్లు కూడా ఈ కాలానివే. మత్తుమందు భద్రత తేలనిదే వృద్ధులకు కోత ఊహించలేనిది.

1920లు, 30లలో అమెరికాలో మాక్సిమిలియన్ స్టెర్న్, జోసెఫ్ మెకార్తీల కృషితో ప్రసేకం గుండానే పరికరాన్ని పంపి, విద్యుత్తు తీగతో గ్రంథిని చెక్కి తీసే విధానం రూపొందింది. దీన్నే నేడు టి.యు.ఆర్.పి. అంటున్నారు. 1945లో టెరెన్స్ మిలిన్ మూత్రాశయాన్ని తెరవకుండానే గ్రంథిని చేరే మరో దారి చూపాడు. ఆ తరువాత లేజర్లు వచ్చాయి. వీటన్నిటికీ మత్తు కావాలి. కొంత రక్తస్రావం తప్పదు. కనుక మత్తుకు పనికిరాని రోగి ఎక్కడివాడక్కడే మిగిలిపోయాడు.

4. 'పాక్షిక కాథెటర్'

స్టెంట్ అనే మాట లండన్ దంతవైద్యుడు చార్లెస్ థామస్ స్టెంట్ (1807–1885) ఇంటిపేరు. పళ్ళ అచ్చు తీయడానికి ఆయన 1856లో మెరుగుపరచిన మైనం వంటి పదార్థాన్ని, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో డచ్చి శస్త్రవైద్యుడు యోహన్నెస్ ఎస్సర్ చర్మపు అతుకులను అదిమి పట్టడానికి వాడాడు. అలా కణజాలాన్ని నిలబెట్టే ప్రతి ఆధారానికీ ఆ పేరు స్థిరపడింది. తెలుగులో దీనికి పదం కల్పించే ప్రయత్నాలు నిలవలేదు. రైతు నోట కూడా స్టెంటే.

1980లో ఫాబియన్ ఒక జర్మన్ మూత్రవైద్య పత్రికలో 'పాక్షిక కాథెటర్' అనే పేరుతో ఒక ఉక్కు స్ప్రింగును ప్రతిపాదించాడు. పేరే ఆలోచనను పట్టిస్తుంది. మామూలు కాథెటర్ మూత్రాశయం నుండి బయటి వరకు ఉంటుంది. అడ్డంకి మాత్రం దాదాపు మూడు సెంటీమీటర్ల మేరకే. ఆ మేరకే గొట్టం ఉంచితే సంచీ అక్కరలేదు, రోగి తన ఇష్టప్రకారం మూత్రం పోయగలడు. ఇందులోని మెలకువ సంవరణీ కండరం దగ్గర ఉంది. మూత్రాన్ని అదుపులో ఉంచే ఈ కండరం ప్రోస్టేట్‌కు సరిగ్గా దిగువన ఉంటుంది. గొట్టం దానిలోకి చొచ్చుకువస్తే అదుపు పోయి మూత్రం కారుతూనే ఉంటుంది. దానికి బాగా ఎగువనే ఆగితే గ్రంథి కొంత తెరచుకోకుండా మిగిలిపోతుంది. ఫాబియన్ స్ప్రింగు చుట్లను కండరానికి పైనే ఆపి, కండరం మూసుకోగలిగేలా ఒక సన్నని తీగను మాత్రం దాని గుండా దింపి, దిగువన చిన్న ఉంగరంతో ఆనించాడు. స్ప్రింగు పైకి జారకుండా ఆ ఉంగరం పట్టి ఉంచుతుంది. బంగారుపూత పూసిన రూపం కూడా తరువాత వచ్చింది. మూత్రంలోని లవణాలు లోహంపై పేరుకుపోకుండా చూడడం ఆ పూత ఉద్దేశం.

5. ఒకే వల, రెండు ఫలితాలు

ఈ చరిత్రలో అన్నిటికంటె బోధప్రదమైన ఘట్టం వాల్‌స్టెంట్‌ది. స్వీడన్ ఇంజనీరు హాన్స్ వాల్‌స్టెన్ పేరు మీదుగా వచ్చిన ఈ స్టెంట్ సన్నని లోహపు తీగలతో అల్లిన గొట్టపు వల. సాగదీస్తే సన్నబడుతుంది, వదిలితే తనంత తానే విచ్చుకుంటుంది. 1986లో ఫ్రాన్సులో జాక్ పుయెల్, స్విట్జర్లండులో ఉల్రిక్ సిగ్వార్ట్ మనిషి హృదయధమనిలో తొలిసారిగా అమర్చినది ఈ వలనే. రెండేళ్ళకు, 1988లో, లండన్‌లో మిల్‌రాయ్ బృందం అదే వలను ప్రసేకపు ఇరుకుకు వాడి ఫలితాలు ప్రకటించింది. 1990 నాటికి చాపుల్, మిల్‌రాయ్, రికర్డ్స్ దాన్ని ప్రోస్టేట్ అడ్డంకికి విస్తరించారు. యూరోల్యూమ్ అనే పేరుతో అది విపణిలోకి వచ్చింది.

వల ఒకటే, విచ్చుకునే సూత్రం ఒకటే. అయినా గుండెలో ఆ ఆలోచన నానాటికీ బలపడి నేడు నిత్యచికిత్సగా మారింది. ప్రోస్టేట్‌లో మాత్రం అది కుంటుపడి, యూరోల్యూమ్ చివరకు విపణి నుండి తప్పుకుంది. కారణం తీగలో కంటె అది చేరిన చోటులో ఉంది. ధమని దాదాపు గుండ్రని గొట్టం. రక్తం దాని గుండా ఎడతెగక పారుతుంది. ప్రోస్టేట్ నడుమ ప్రసేకం గుండ్రంగా ఉండదు. రెండు పక్కల తమ్మెలు నొక్కగా ఏర్పడిన చీలిక అది. కొందరిలో నడిమి తమ్మె మూత్రాశయంలోకి పొడుచుకువచ్చి తలుపులా అడ్డుపడుతుంది. అక్కడ స్టెంట్ ఎంత గట్టిగా విచ్చుకున్నా ఆ తలుపును తొలగించలేదు. రక్తానికి లేని గుణం మూత్రానికి ఉంది: అది లవణాలతో నిండిన ద్రావణం. దానిలో మునిగి ఉన్న ఏ పరాయి వస్తువుపైనైనా స్ఫటికాలు పేరుకుంటాయి. క్రిములు చేరితే ఆ పేరుకోవడం ఇంకా వేగవంతమవుతుంది. వల తీగలపై పొర కణజాలం కప్పుకుంటే లవణాలు అంటవని రూపకర్తల ఆశ. కొన్ని నెలలలో ఆ కప్పు ఏర్పడేది కూడా. కాని మూత్రాశయంలోకి ఒక మిల్లీమీటరు పొడుచుకువచ్చిన కొస కప్పుకోకుండా మిగిలిపోయేది; రాయి అక్కడే మొదలయ్యేది. వల కన్నుల గుండా కణజాలం అతిగా పెరిగి మార్గం మళ్ళీ ఇరుకుగా మారేది. కొందరిలో స్టెంట్ స్థానం తప్పేది, మరికొందరిలో ఎడతెగని మంటా, మాటిమాటికీ మూత్రానికి పోవలసి రావడం మిగిలేవి. అప్పుడు దాన్ని తీయబోతే, కణజాలంలో పాతుకుపోయిన వలను తీయడం వేయడంకంటె కష్టమయ్యేది.

మరొక సంగతి తరచూ మరచిపోతాము. 1990ల తొలినాళ్ళలోనే ఫినాస్టెరైడ్, టెరజోసిన్ వంటి మందులు ప్రోస్టేట్‌కు అనుమతి పొందాయి. ఒకవైపు మాత్రలు, మరొకవైపు టి.యు.ఆర్.పి.; నడుమ స్టెంట్‌కు మిగిలిన రోగులు రెండూ పనికిరానివారే. అతి బలహీనులపైనే ప్రయోగించే పరికరానికి మంచి ఫలితాల పట్టిక రావడం కష్టం. ఈ అన్యాయాన్ని లెక్కలోకి తీసుకోకుండా ప్రోస్టేట్ స్టెంట్ 'విఫలమైంది' అని ఒక్కమాటలో తేల్చడం తొందరపాటు.

6. ఆకృతిని గుర్తుంచుకొనే లోహం

తీయడమే సమస్య అయినప్పుడు తేలికగా తీయగల స్టెంట్ కావాలి. ఆ అవకాశం నిటినాల్‌తో వచ్చింది. నికెల్, టైటానియం దాదాపు సమపాళ్ళలో కలిసిన ఈ మిశ్రలోహాన్ని 1959 ప్రాంతంలో అమెరికా నావికాదళ ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ అభివృద్ధి చేశాడు. ఆయన వెతుకుతున్నది క్షిపణి ముక్కుకొనకు తగిన లోహం కోసం. చల్లగా ఉన్నప్పుడు ఈ లోహం మార్టెన్‌సైట్ అనే మెత్తని స్ఫటిక దశలో ఉండి చేతితో వంచితే వంగుతుంది. వేడి తగలగానే ఆస్టినైట్ దశకు మారి తన పూర్వరూపాన్ని తెచ్చుకుంటుంది. ఏ ఉష్ణోగ్రతవద్ద మారాలన్నది నికెల్ పాళ్ళలోని అతిస్వల్పమైన తేడా, వేడిచేసి చల్లార్చిన తీరు నిర్ణయిస్తాయి.

డెన్మార్కులో రూపొందిన మెమోకాత్ ఈ గుణాన్ని చక్కగా వాడుకుంది. ఇది వల కాదు, చుట్లు దగ్గరదగ్గరగా ఉన్న స్ప్రింగు. కనుక కణజాలం చుట్ల నడుమ చొరబడదు. లోపల అమర్చాక సుమారు 55 డిగ్రీల సెల్సియస్ నీటిని పంపితే ఒక కొస గంటలా విచ్చుకొని స్థానంలో బిగుసుకుంటుంది. తీయదలచినప్పుడు 10 డిగ్రీల లోపు చల్లని నీటిని పంపితే స్ప్రింగు మెత్తబడి, పట్టుకొని లాగితే దారంలా విడివడి వస్తుంది. ఫిన్లండులోని టాంపెరె పరిశోధకులు మరో దారి పట్టి, కొన్ని వారాలకో నెలలకో శరీరంలోనే కరిగిపోయే పాలిమర్ స్టెంట్లను చేశారు. ఇటీవలి ఐటిండ్ అనే ఇజ్రాయెల్ పరికరం స్టెంట్ అనే భావననే తిరగరాసింది. నిటినాల్ తీగలతో చేసిన దీన్ని ఐదు నుండి ఏడు రోజులు మాత్రమే ఉంచుతారు. ఆ కొద్ది రోజులలో తీగలు మూడు చోట్ల కణజాలాన్ని నొక్కి, రక్తప్రసరణ తగ్గించి, గాళ్ళు ఏర్పరుస్తాయి. పరికరాన్ని తీసివేశాక మిగిలేది వెడల్పైన మార్గమే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో దీనికి అనుమతినిచ్చింది. నలభై ఏళ్ళ అనుభవం తరువాత రూపకర్తలు చేరిన నిర్ణయం, మూత్రంలో ఏ లోహాన్నీ ఎక్కువకాలం ఉంచకూడదన్నదే అనిపిస్తుంది.

7. హైదరాబాదు: క్షిపణి నుండి ధమనికి

నిటినాల్‌లాగే తెలుగునేలపై పుట్టిన స్టెంట్ కూడా క్షిపణి పరిశోధనల నీడలో పుట్టింది. 1982లో హైదరాబాదులోని రక్షణ పరిశోధన, అభివృద్ధి ప్రయోగశాలకు డైరెక్టరుగా వచ్చిన ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజుతో కలిసి 1990లలో రూపొందించిన హృదయధమని స్టెంట్ 'కలాం-రాజు స్టెంట్'గా ప్రసిద్ధమైంది. దిగుమతి స్టెంట్ల ధర సామాన్యునికి అందనంత ఎక్కువగా ఉన్న కాలమది. అంతకుముందే నిమ్స్ ఎముకల వైద్యుని కోరికపై అగ్ని క్షిపణికి వాడిన తేలికపాటి పదార్థంతో పోలియో పిల్లలకు కాలి ఊతలు చేయించిన సంగతి కలాం తన ప్రసంగాలలో తరచూ చెప్పేవారు. మూడు కిలోలకు పైబడిన ఊత మూడువందల గ్రాములకు దిగింది.

ఈ కథను ఇద్దరు మహనీయుల స్నేహగాథగా చెప్పడం మనకు అలవాటు. అది నిజమే, కాని సగమే. ప్రత్యేక మిశ్రలోహాల కోసం 1973లో ఏర్పడిన మిశ్ర ధాతు నిగం (మిధాని), క్షిపణి ప్రయోగశాలలు, నిమ్స్ వంటి పెద్దాసుపత్రి ఒకే నగరంలో ఉన్నాయి. రక్షణ సాంకేతికతను వైద్యానికి మళ్ళించేందుకు 1993లో సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ అనే సంస్థ కూడా ఏర్పడింది. లోహం తెలిసినవాడూ రోగిని చూసేవాడూ ఒకే గదిలో కూర్చోగలిగారు. స్టెంట్ పుట్టుకకు అదే అసలు పునాది అని ఈ వ్యాసకర్త భావన.

మరి ఆ గదిలోకి మూత్రవైద్యుని సమస్య ఎందుకు చేరలేదు? ప్రోస్టేట్ స్టెంట్‌కు అప్పటికే ప్రపంచంలో ఎదురవుతున్న చిక్కులు ఒక కారణం, టి.యు.ఆర్.పి. మన ఆసుపత్రులలో చౌకగా, బాగా జరగడం మరొక కారణం. వీటితోపాటు చెప్పుకోవలసిన మూడో సంగతి ఉంది. గుండెజబ్బు నడివయసు సంపాదనాపరుణ్ణి పడగొడుతుంది, వార్త అవుతుంది. మూత్రం ఆగిన డెబ్బై ఏళ్ళ ముసలాయన వార్త కాడు, తన బాధను తానే దాచుకుంటాడు. గుండె స్టెంట్ల ధరలపై దేశమంతటా చర్చ జరిగి, 2016లో అవి అత్యవసర మందుల జాబితాలో చేరాయి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందుపూత లేని స్టెంట్‌కు 7,260 రూపాయలు, మందుపూత ఉన్నదానికి 29,600 రూపాయలు గరిష్ఠ ధరలుగా నిర్ణయించింది. ఆ ఉత్తర్వు హృదయధమని స్టెంట్లకే పరిమితం.

8. వరంగల్ ముందున్న పని

వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల, నేడు ఎన్.ఐ.టి.గా ఉన్న ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల రెండూ 1959లోనే ప్రారంభమయ్యాయి. బ్యూలర్ నిటినాల్‌పై దృష్టి పెట్టిన ఏడాది కూడా అదే. ఇది కాకతాళీయం, ఇందులో వేరే అర్థం వెతకనక్కరలేదు. అర్థమున్నది కొద్ది కిలోమీటర్ల దూరంలో ఎం.జి.ఎం. ఆసుపత్రీ, లోహశాస్త్ర విభాగమున్న ఇంజనీరింగ్ సంస్థా ఉండడంలో. తెలంగాణ ఏర్పడ్డాక కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కూడా ఈ నగరానికే వచ్చింది. హైదరాబాదు స్టెంట్‌కు పునాది అయిన సామీప్యం ఇక్కడా ఉంది.

ప్రోస్టేట్ స్టెంట్‌లో ఇంకా తేలని ప్రశ్నలు పెద్ద కర్మాగారాన్ని కోరేవి కావు. మూత్రానికి సమానమైన లవణ ద్రావణాన్ని శరీర ఉష్ణోగ్రతవద్ద నెలల తరబడి ప్రవహింపజేసి, వేర్వేరు ఉపరితలాలపై ఎంత పొర పేరుకుంటుందో తూచడం ఒక పరిశోధక విద్యార్థి చేయగల పని. చీలిక ఆకారపు మార్గంలో స్ప్రింగు ఏ బలంతో నొక్కితే జారకుండా ఉంటుందో కొలవడం మరొకటి. ఏ రోగికి గొట్టం ఎన్ని నెలలు ఉంటోంది, ఎన్నిసార్లు మార్చవలసి వస్తోంది, మత్తుకు పనికిరారని వెనక్కి పంపినవారు తరువాత ఏమవుతున్నారు అన్న లెక్క ఆసుపత్రి రిజిస్టర్ల నుండి తీయాలి. మనిషిలో ప్రయోగించే దశ వస్తే 2018 జనవరి నుండి అమలులో ఉన్న వైద్యపరికరాల నియమావళి ప్రకారం అనుమతులు, నైతిక సంఘం ఆమోదం తప్పనిసరి. ఆ దశకు చేరకముందు చేయవలసిన కొలతలకు మాత్రం లోహశాస్త్ర విభాగపు కొలిమి, తూనిక, వైద్యుని రిజిస్టరు చాలు.